కంబన్న పటిక మూట

మూడు తరాలుగా నూలుకు రంగు అద్దిన ఇంటివాడు కంబన్న. ఆ పని సగం పడిపోవడంతో కడపలో ఒక కళాశాల ప్రయోగశాలలో అటెండరుగా చేరాడు. అతని చేతులకు ఊరుకోవడం తెలియదు. పని లేకపోతే సీసాల మూతలు తిప్పుతుండేవి. దాన్ని శ్రద్ధ అనేవారున్నారు, నేను అనలేను.

1956లో కరువు నడుమ ఒక్క వాన కురిసింది. తెల్లవారేసరికి బుగ్గవంక వాగు మడుగులో కప్పలు గుడ్లు పెట్టాయి. కంబన్న కుండలో తెచ్చిన గుడ్లకు అధ్యాపకుడు ఓబులేసు ఒక్కొక్క ఎర్రచుక్క పెట్టాడు. మధ్యాహ్నానికి గుడ్డు పైభాగం ఒకచోట మడతపడి లోపలికి జారుతుంది. అలా ఏర్పడే మూడు పొరల నుంచే చర్మం, కండ, పేగు పుడతాయి. చుక్క ఎటు పోతుందో చూస్తే ఏ పొర ఎక్కడిదో తేలుతుంది. మళ్లీ వాన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

"పాఠం చెప్పొస్తా. చూస్తాండప్పా," అని ఓబులేసు వెళ్లాడు.

చుక్కల అంచులు కరుగుతున్నట్టు కంబన్నకు తోచింది. రంగు వెలిసిపోవడం వాళ్లింట తలవంపు. మొలలో ఎప్పుడూ ఉండే మూట విప్పి, రంగు నిలవడానికి నూలుకు వేసినట్టే, నీళ్లలో చిటికెడు పటిక వేశాడు.

ఓబులేసు తిరిగొచ్చేసరికి గుడ్లన్నీ తెల్లబారి చచ్చి ఉన్నాయి. చుక్కలు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏం చేసినావప్పా!"

"రంగు నిలబెట్టినా సార్."

"నిలిచింది, ప్రాణమే పోయింది. ఆ రంగు కదలాలనే కదప్పా ఇంత పాటు!"

కంబన్న కుండ తీసుకొని ఎండలో పరుగెత్తాడు. మడుగు ఇసుకలో ఇంకిపోయింది. గేదెలు కాసే ఉరుకుందమ్మ నవ్వింది.

"వాన పడినాక కప్పల పెండ్లికి ఉరుకుతాండావేమప్పా?"

"గుడ్లు యాడన్నా ఉండాయా, అక్కా?"

ఆమె కర్రతో చూపింది. గేదె గిట్ట దిగిన గుంటలో గుప్పెడు గుడ్లు మిగిలి ఉన్నాయి. ఆలస్యంగా పెట్టినవేమో, మడత ఇంకా పడలేదు.

కంబన్న వాటిని తేగానే ఓబులేసు గబగబా చుక్కలు పెట్టాడు. కంబన్న మొలలోని మూట తీసి ఆయన చేతిలో ఉంచాడు.

"మీ కాడ పెట్టుకోండి సార్. నా చెయ్యి ఊరికే ఉండదు."

తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు. గంటలు గడిచాయి. ఎర్రచుక్క సాగింది, మడత అంచుకు చేరింది, సగమైంది. కంబన్న తొడలు ఇంకా గట్టిగా అదిమాడు. చేతులు పైకి రాలేదు. చివరి ఎరుపు కూడా లోపలికి పోయింది.

"వెలిసిపోయిందా సార్?"

"లేదప్పా. లోపల ఉండాది."

కంబన్న చేతులు బయటికి తీసి లేచాడు.

"అట్లయితే నా పటిక ఇయ్యండి. ఇంట్లో నూలు నానుతాండాది."