దారానికి రెండో కొస

మా ఎదురింటి తాత పోయిన నెలలో కన్నుమూశారు. ఫిల్మ్‌నగర్‌ బస్తీలో మా గడపలు రెండూ ఎదురెదురుగా ఉంటాయి. ఆయన భార్యను నేను అమ్మమ్మ అంటాను. ఆ ఉదయం ఆమె మా గడపలోకి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని నిలబడింది. నాకు అర్థమైంది.

తాత సినిమా సెట్లకు రంగులు వేసేవారు. నిన్న కొట్టిన ప్లైవుడ్ గోడను వందేళ్ల గోడగా మార్చడం ఆయన పని. ఇంట్లో మాత్రం, సెట్లో పారేసిన తెరగుడ్డ ఒకటి గోడకు బిగించి ఏళ్లుగా దాని మీదే ఒకే బొమ్మ వేస్తూ ఉండేవారు. అందులో మనిషి లేడు, పడవ లేదు. కింద నీలం, పైన తుప్పు రంగు.

మా ఆయన తొంగి చూసి నవ్వేవాడు. "ఏంది తాతా, మెకానిక్ షెడ్డు ముంగట ఆయిల్ ఒలికినట్టున్నది!"

"ఒలికిందిరా. ఊరే ఒలికిపోతోంది మరి," అనేవారు తాత.

ఆయన ఊరు విశాఖ అవతల, సముద్రం ఒడ్డున. వాళ్ల నాన్న అక్కడి జనపనార మిల్లులో పనిచేశారట. మిల్లు మూతపడి, రేకులు తుప్పుపట్టాయి. సముద్రం ఏటా కాస్త కాస్త ఊళ్లోకి వస్తోంది. తాత ఏటా వెళ్లి చూసి వచ్చి, బొమ్మలో నీలాన్ని ఆ మేరకు పైకి, మిల్లు తుప్పు రంగు మీదికి జరిపేవారు.

దానికి ఇంకో మనిషి కావాలి. నీలం పొడి పూసిన దారం ఒక కొస నేను పట్టుకుంటే, రెండో కొస ఆయన పట్టుకుని వేలితో మీటేవారు. గుడ్డ మీద టప్పున గీత పడేది.

"గట్టిగా లాగమ్మా. నువ్వు సిగ్గుపడితే సముద్రం వంకరపోద్ది."

పెళ్లయి వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. చదువు కూడా అంతంతే. ఈ వీధిలో నన్ను పేరు పెట్టి పనికి పిలిచిన మొదటి మనిషి ఆయనే. సముద్రం నేను ఇప్పటికీ చూడలేదు. నాకు తెలిసిన ఒడ్డు ఆ గీతే.

ఆమధ్య తుపాను తర్వాత ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మిల్లు గోడ కూలి నీళ్లలో పడిపోయిందని. ఆ సాయంత్రం దారం సాగదీశాం. అది తుప్పు రంగుకు పైఅంచున నిలిచింది. గీత పడితే మిల్లు మొత్తం సముద్రంలోకే. తాత మీటలేదు.

"ఈరోజుకి వదిలెయ్యమ్మా."

తర్వాత మంచం పట్టారు. గుడ్డ వైపే చూస్తూ, "సెట్లో అబద్ధాలు వేసి బతికాను. ఇంట్లో కూడానా?" అనేవారు. నేను మంచినీళ్లు ఇచ్చేదాన్ని.

పెద్దకర్మ అయ్యాక అమ్మమ్మ దారం పట్టుకుని వచ్చింది. "రా తల్లీ, కొస పట్టు. మీ తాత మనసులో ముల్లది."

"వద్దు అమ్మమ్మా, మిల్లు పోతది."

"మిల్లు ఎప్పుడో పోయిందే. బొమ్మకే ఇంకా తెలీదు."

పట్టుకున్నాను. ఆమె మీటింది. గీత తిన్నగా పడింది.

ఇక దాని కింద నీలం నింపాలి. ఆయన ఆ నీలం ఎలా కలిపేవారో మా ఇద్దరికీ తెలియదు. డబ్బాలో బ్రష్షు ఎండి కట్టెలా అయిపోయింది. రోజూ తలుపు తీయగానే ఆ బొమ్మే ఎదురుగా కనిపిస్తుంది. గీత పైన పడి ఉంది. దాని కింద వాళ్ల నాన్న మిల్లు, తుప్పు రంగులో, ఇంకా తడవకుండా ఉంది.