గూడబాతులు లేచిపోయింది పొగకు కాదు

మా మేనత్త పెరటి చింతచెట్టు మీది గూడబాతులు గూళ్లు వదిలి పోయింది ఆమె కాల్చిన జీడిపిక్కల పొగకు కాదు, నా వల్ల. ఆ మాట ఆ రోజే చెప్పవలసింది. నాలుగేళ్లు చెప్పలేదు.

అరవైల చివర నేను టెక్కలిలో గుమాస్తాగా చేరాను. శ్రీకాకుళం నుంచి పనిమీద మా ఆఫీసుకు వచ్చిన ఒక లెక్చరరు, మాటల్లో మా అత్త ఊరి పేరు వినగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులే దేశమంతటా పిట్టల్ని చూసి, లెక్క రాసి బొంబాయిలోని పిట్టల సంఘానికి పంపుతున్నారట. నన్నూ చూడమని తన పాత బైనాక్యులర్సు ఇచ్చాడు. “ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు అన్నది చాలు. కింద నుంచి కనబడినంతే రాయి” అన్నాడు.

నౌపడా ఉప్పుమళ్లకు దగ్గరలోని ఆ ఊరికి, ముక్కు కింద పెద్ద సంచి వేలాడే ఈ గూడబాతులు ఏటా చలికాలం ముందు వచ్చి గూళ్లు కడతాయి. వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లలంటారు. అవి ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆ చెట్లెక్కరు, చింతకాయలైనా దులపరు. అవన్నీ చిన్నప్పటి నుంచి తెలిసినవాణ్ణే నేను కూడా. అయినా బైనాక్యులర్సులో మొదటిసారి చూసినప్పుడు హడలిపోయాను. తల్లి నోరు తెరిచింది, పిల్ల మెడ దాకా లోపలికి పోయింది. “అత్తా, మింగేస్తంది!” అని అరిచాను.

అత్త పడీపడీ నవ్వింది. “తిండెడతందిరా అల్లుడా. నీకు మీయమ్మ ఎట్టనేదేటి?”

ఆ తరవాత ప్రతి ఆదివారం సైకిలు మీద వెళ్లేవాణ్ణి. గూళ్లు లెక్కపెట్టడం వచ్చాక, గూట్లో గుడ్లెన్నో తెలుసుకోవాలనే యావ పట్టుకుంది. అది ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, నెలలు నిండి పుట్టింటికి వచ్చిన కూతురు అడిగిందని అత్త వీధివైపు పొయ్యి పెట్టి, పెంకు మీద జీడిపిక్కలు కాలుస్తోంది. నేను పెరటి వెనకగా వెళ్లి, చింతచెట్టుకు ఆనుకుని ఉన్న కొబ్బరిచెట్టు ఎక్కాను. గూళ్ల ఎత్తుకు తల రాగానే చెట్టు చెట్టంతా లేచిపోయినట్టయింది. అన్ని పిట్టలూ ఒక్కసారి గాలిలోకి లేచాయి. నేను కదలకుండా ఉంటే తిరిగి వాలతాయనుకున్నాను. అవి వాలేలోపు కాకులు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. నా చేతికి అందేటంత దూరంలో ఒక కాకి గుడ్డు పొడిచింది. పక్క గూట్లోంచి ఇంకా ఈకలు రాని పిల్లను ఈడ్చింది. అది జారి, కొమ్మకు తగిలి, కింద పడింది. నా చేతులు మానుకు అంటుకుపోయాయి. నేను ఆపిన ఊపిరి తీసుకునేసరికే మూడు గూళ్లు ఖాళీ.

వీధివైపు కేకలు వినిపించాయి. “ఓలమ్మో! పురుడొచ్చిన పిట్టల్ని పొగెట్టి తోలేసినావేటే? ఇంట్లో నీ కూతురు నిండు సూలాలు కాదేటే?” పక్కింటామె గొంతు అది.

దిగి, కంచె దాటి, చుట్టూ తిరిగి వీధిలోంచి వచ్చాను. అత్త చేతిలో గరిటె అలాగే ఉంది. ముఖంలో నెత్తురు లేదు. నేను ఆమె దగ్గరికి వెళ్లి, “ఏటయింది అత్తా?” అని అడిగాను.

చెట్టెక్కింది తెలియనితనం. ఆ అడగడం తెలియనితనం కాదు. ఆ ప్రశ్న నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు దిగ్భ్రమగానే ఉంది. లెక్చరరుకు కూడా పొగే కారణమని చెప్పాను. ఆయన నమ్మాడు.

పది రోజులకు అత్త కూతురికి, అంటే మా వదినకు, ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. మా వైపు బిడ్డకు మొదటి నీళ్లు అమ్మమ్మే పోయాలి. అత్త పురిటిగది గుమ్మం దాటి లోపలికి రాలేదు. “నా సేతులు మంచియి కావు. నువ్వు పొయ్యవే” అని పక్కింటామెనే పిలిచింది. ఆ చింతచెట్టు మీద ఆ తరవాత పిట్టలు వాలలేదు. ఊళ్లో మిగతా చెట్ల మీద మాత్రం ఏటా దిగేవి. దిగినప్పుడల్లా ఆడవాళ్లు అత్త వైపు చూసేవారు.

నాలుగేళ్లకు వదిన రెండో కాన్పుకు వచ్చింది. నేను వెళ్లేసరికి అత్త పనసకాయ కోస్తూ, పక్కింటామెతో గోడ మీదుగా అంటోంది: “ఈ పాలి కూడా నీల్లు నువ్వే పొయ్యాల.”

అక్కడే చెప్పేశాను. కొబ్బరిచెట్టు, కాకులు, కంచె దాటడం, అన్నీ.

అత్త కత్తిపీట మీంచి లేవలేదు. నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. “ఏటన్నావూ? మల్లీ సెప్పు” అంది. మళ్లీ చెప్పాను.

“నా మనవరాలికి నన్ను నీల్లు పొయ్యనిచ్చినావు కాదు కదరా” అంది. నేను వంగి కాళ్లు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. “నా కాల్లెందుకు? నన్నన్నోలందరూ ఈదిలోనే ఉన్నారు. ఎల్లి ఆలకి సెప్పు.”

వీధిలోకి వెళ్లాను. పక్కింటామె అప్పటికే నలుగురిని పోగేసింది. ఆమె, “ఏటి బాబూ, ఆ సెట్టెక్కింది నువ్వా?” అంది.

“నానే. గుడ్లు సూద్దామని ఎక్కినాను, నన్ను సూసే పిట్టలు లేసిపోయినాయి. పొగ కాదు. మా అత్త ఏ పాపమూ ఎరగదు. మీరు ఆవిడ్ని అంతన్నప్పుడు పక్కనే ఉండి నోరెత్తనేదు. తప్పు నాది. మీ అందరి ముందూ నన్ను మన్నించమని మా అత్తని అడుగుతన్నాను.”