అత్తయ్యకు దుబాసీగా వెళ్ళిన రోజు

శరీరం, మనసు, ఆత్మ మూడింటికీ ఒకేచోట వైద్యం అని రాసి ఉన్న కాగితాన్ని మా ఆయన ఇంటికి తెచ్చిన రోజే నాకు అనుమానం మొదలైంది. ఒంటికి రైల్వే ఆసుపత్రి ఉంది. మనసుకు ఇంట్లో మనుషులున్నారు. ఆత్మ సంగతి దేవుడు చూసుకుంటాడు. ఈ మూడింటినీ ఒకే గదిలో కూర్చోబెట్టేవాడు ఎవరికీ దొరకడు. ఒంట్లో నయం కాకపోతే మనసు బాగాలేదంటాడు, మనసు బాగుంటే పూర్వజన్మ అంటాడు.

ఆ మాటే పైకన్నాను.

"నువ్వు బీయస్సీ చదివావు కాబట్టి ఋషులందరూ ఫెయిలైనట్టేనా?" అన్నారు మా ఆయన. ఆయన భన్‌పురిలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తారు. ఫోనులో వచ్చే ఆరోగ్య సందేశాలను భోజనాల దగ్గర చదివి వినిపించడం అప్పట్లో ఆయనకు అలవాటైంది.

"ఋషులు ఫెయిలవలేదు. వాళ్ళ పేరు చెప్పుకుని పాసైపోతున్నవాళ్ళ మీదే నా అనుమానం."

గొడవంతా అత్తయ్య గురించి. కొన్నాళ్ళుగా ఆవిడకు తల తిరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. ఏళ్ళ తరబడి బీపీ మాత్ర మింగుతున్నా ఇలా అవుతోందంటే ఇక ఆయుర్వేదమే గతి అని కొడుకు తీర్మానించారు. నా భయం ఒక్కటే. ఆ కాగితంలోని వైద్యుడు మాత్ర మాన్పించేస్తాడని. మాత్ర మానేసి పక్షవాతంతో మంచం పట్టిన మా పెద్దమ్మను చూసినదాన్ని నేను. అందుకే ఆయన్ని ఆఫీసుకు పంపేసి, నేనే కాపలాగా వెళ్ళాను. దుబాసీని కూడా నేనే. మామయ్యగారి రైల్వే ఉద్యోగంతో శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, కూరలవాడితో బేరం తప్ప అత్తయ్య నోట హిందీ మాట నేను విని ఎరగను.

తెలీబంధా చెరువు దగ్గర మేడ మీద గది. గోడకు ధన్వంతరి పటం, దాని పైన ఏసీ. వైద్యుడు కుర్రవాడే. మూడు వేళ్ళతో నాడి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూస్తే నాడి బాగా తెలుస్తుందో, మనకు నమ్మకం బాగా కుదురుతుందో మరి. ఆకలి, విరేచనం, నిద్ర, కలలు అన్నీ అడిగాడు. అతని హిందీని తెలుగులోకి, ఆవిడ తెలుగును హిందీలోకి మారుస్తూ పోయాను. ఉన్నట్టుండి, "అమ్మాజీ ఘర్ మే దిల్ కీ బాత్ కిస్ సే కర్తీ హైఁ?" అన్నాడు.

ఇంట్లో మనసు విప్పి ఎవరితో మాట్లాడతారట. ఇదిగో వచ్చాడు దారికి, అనుకున్నాను. ఇంటిగుట్టు లాగడం, దానికి సరిపడా పొడి అంటగట్టడం. అత్తయ్య వైపు తిరిగి, "ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతున్నారు" అన్నాను.

ఆవిడ నన్నొకసారి చూశారు. చెయ్యి అతని వేళ్ళ కిందే ఉంచి, "కిసీ సే నహీ, బేటా" అన్నారు. "బహూ ఝగ్‌డా కర్తా. పోతా లోగ్ ఫోన్ దేఖ్తా. బేటా బోలా, అంగ్రేజీ గోలీ జహర్ హై. మై ఛోడ్ దియా."

ఎవరితోనూ మాట్లాడరట. కోడలు పోట్లాడుతుందనీ, మనవలు ఫోను చూస్తారనీ నాకు తెలియనివి కావు. చివరిదే తెలియదు. ఇంగ్లీషు మాత్ర విషమని కొడుకు చదివి వినిపిస్తే, ఆవిడ మానేసి ఊరుకున్నారు. నేను ఎవడి మీద కాపలా వెళ్ళానో వాడు చేస్తాడనుకున్న పని మా భోజనాల బల్ల దగ్గరే జరిగిపోయింది.

వైద్యుడు సొరుగులోంచి బీపీ మిషను తీసి ఆవిడ చేతికి పట్టీ చుట్టాడు. అంకె చూడగానే అతని మొహం మారింది. పొడీ రాయలేదు, తైలమూ రాయలేదు. ఇప్పుడే ఇటునుంచి ఇటే రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అక్కడి డాక్టరు చెప్పినట్టు మాత్ర మొదలుపెట్టాకే నా దగ్గరికి రండి అన్నాడు. మంచివాడిలా కనబడి రెండోసారి రప్పించుకునే ఎత్తు కాదు కదా అని నాకు అప్పుడూ అనిపించింది. ఆ ముక్క మింగేసి ఆటో పిలిచాను.

ఆటోలో అడిగాను. "ఇంత హిందీ వచ్చని ఎప్పుడూ చెప్పలేదేం, అత్తయ్యా?"

"ఎవులడిగినారు? ఆ బాబు అడిగినాడు, సెప్పినాను. నువ్వడిగింది వేరే కదా."

"పోనీ, మాత్ర మానేసినట్టు నాకైనా చెప్పొచ్చుగా."

"సెప్తే మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకుంతారు. ఆడు కంచం ముందునుంచి లేచిపోతాడు. ఎందుకొచ్చిన గోల."

ఆసుపత్రిలో డాక్టరు చివాట్లు పెట్టి, మాత్ర మళ్ళీ మొదలుపెట్టించారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన అలవాటుగా ఫోను తీశారు. దాచుకున్న మాటలన్నీ అనేద్దామని నేను నోరు తెరిచేలోపే, అత్తయ్య కొడుకు ఎదురుగానే మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టారు.

"ఇప్పుడు సదువు నాయనా, ఇంతాను" అన్నారు.