పన్నెండు మాటలకు ఆమెన్

విడవలూరు బజారులో ఉన్న నా మొబైల్ షాపుకి వచ్చి "క్రిప్టోకి ఏ వాలెట్ మంచిది?" అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చెబితే వినరు. మునిగాక వచ్చి నా మీదే పడతారు. అందరికంటే ఘనుడు మా బావ, అక్క మొగుడు.

రొయ్యలు అమ్మిన డబ్బు, మళ్ళీ గుంటలో పిల్ల వేయడానికి దాచింది, క్రిప్టోలో పెడతానని వచ్చాడు. వద్దన్నాను. వినడని తేలాక, "కొత్తోడివి, కంపెనీ వాలెట్ తీసుకో బావా. పాస్‌వర్డ్ మర్చిపోయినా అడగడానికి ఒకడుంటాడు" అన్నాను.

"నా తాళం ఇంకోడి చేతిలో పెట్టేదేందిరా? సొంతదే పెట్టు" అన్నాడు.

సొంత వాలెట్‌కి పన్నెండు ఇంగ్లీషు మాటలే తాళం. అవి తెలిసినవాడు ఎక్కడ కూర్చునైనా మొత్తం ఊడ్చేస్తాడు. నేను అటు తిరిగి నిలబడి ఆయన చేతే కాగితం మీద రాయించాను. "ఫోటో తీయొద్దు. ఎవరికీ చెప్పొద్దు, నాక్కూడా" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

మావాళ్ళు కొత్తది ఏది కొన్నా, బండి తాళమైనా మోటారు బిల్లైనా, ఆదివారం చర్చిలో పాస్టరు గారి చేతిలో పెట్టి ప్రార్థన చేయించుకుంటారు. మా బావ ఆ కాగితం పెట్టాడు. పాస్టరు గారు అవి ప్రార్థన అంశాలనుకున్నారు. మైకులో ఒక్కొక్కటే చదివారు. సంఘమంతా ఒక్కోదానికీ ఆమెన్ అంది. ఎదురుగా స్టాండు మీద ఫోనులో యూట్యూబ్ లైవ్ నడుస్తోంది.

లేచి "చదవొద్దండీ!" అని అరిచాను. సంఘపెద్దలు కూర్చోమని గదమాయించారు. బావ దగ్గరికి పరుగెత్తి, "ఫోనియ్యి బావా, ఇప్పుడే డబ్బు వేరే వాలెట్‌కి మార్చేస్తా" అన్నాను.

ఆయన ఫోను జేబులోనే అదిమిపట్టుకున్నాడు. "ఎవురికీ చెప్పొద్దని నువ్వే గదరా చెప్పినావు. నీకెందుకియ్యాల? ప్రార్థన అయిందాకా ఆగు."

ఆ మూర్ఖుడి చెంప పగలగొట్టాలనిపించింది. ముగింపు ప్రార్థన అయ్యేసరికి వాలెట్ ఖాళీ.

ఈ యేడు ఆ గుంటలో పిల్ల పడలేదు, అడుగు బీటలు వారింది. అక్క నాతో మాట్లాడదు. పాస్టరు గారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. సంఘపెద్దలు నన్నే పిలిపించారు. బావ అందరి ముందూ నా వైపు వేలు చూపించాడు.

"మేమందరం ఆమెన్ అన్నాము. అవేందో తెలిసి లేచినోడు వీడొక్కడే. ఫోనియ్యమని అడిగినోడూ వీడే!"

సంఘం దానికీ ఆమెన్ అంది.