పలక మీది పదికి పది

బడి మానిపించి మొయినాబాద్‌లో ఇంట్లోనే నేను చదువు చెబుతున్న మా పదిహేనేళ్ల బిడ్డ లెక్కల పేపరు ఇవాళ దిద్దాను. చివర పదికి పది వేయగానే ఎందుకో బలపం వాసన గుర్తొచ్చింది.

మీకూ గుర్తుందా? సారు పలక మీద వేసిన మార్కులు చెరిగిపోకూడదని, చెయ్యి తగలకుండా అంచులు పట్టుకుని ఇంటిదాకా నడిచేవాళ్లం. మా ఊరు ముడిమ్యాలలో మా అవ్వ ఆ పలకను గోడ గూట్లో నిలబెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించేది. మరునాడు దాన్ని తుడవాలంటే ఏడుపొచ్చేది.

ఈ పిల్ల మాత్రం మార్కులు చూసి, పేపరు మడిచి నాకే ఇచ్చింది.

"చెప్పింది నువ్వే, దిద్దింది నువ్వే. ఇగ ఎవలికి చూపియ్యాలె అమ్మా?"

పేపరును ఎక్కడైనా నిలబెడదామని చుట్టూ చూశాను. ఈ ఇంటి గోడలకు గూళ్లు లేవు.