మా మరిది కొట్టు బోర్డు

దక్షిణాఫ్రికాలోని ఉంజింటో ఊళ్ళో మా మరిది కిరాణా కొట్టు లెక్కలన్నీ నేనే చూసేదాన్ని. మా ఆయన పోయాక ఆ ఇంట్లోనే ఉండిపోయాను. బడి చిన్నప్పుడే మానిపించారు. కూడికలూ హెచ్చవేతలూ చక్కెర బస్తాల మీద సుద్దముక్కతో నేర్చుకున్నవే. తెల్లా నల్లా తేడా లేకుండా అందరం మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడు టౌను ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఖాళీ పడితే పరీక్షకు పేరిచ్చాను. అంతకుముందు మాలాంటి ఇండియావాళ్ళం ఆ గుమ్మం బయట వరుసలో నిలబడేవాళ్ళమే గాని లోపల కుర్చీలో కూర్చున్నవాళ్ళం కాదు. లెక్కల పరీక్షంటే నాకు భయం లేదు. ఇంగ్లీషు స్పెల్లింగంటేనే భయం.

అందులోనూ వైతో ముగిసే మాటలు నన్ను ఏడిపించాయి. చివరికి వాటినీ లెక్కలాగే పట్టాను. ముందు వైకి ఎడమపక్క చూడాలి. 'ప్లే'లో లాగా అచ్చు ఉంటే వై కదలదు. 'క్యారీ'లో లాగా హల్లు ఉంటే, ఈడీ గాని ఈఎస్ గాని తగిలించినప్పుడు వై పోయి ఐ వస్తుంది. ఐఎన్‌జీ తగిలిస్తే మాత్రం వై అలాగే ఉంటుంది. వంటింట్లో ఇవి వల్లించుకుంటుంటే తోడికోడలు నవ్వేది.

"ఏటక్కా, రోటీలకి కూడా వై తీసి ఐ ఎడతావా?"

"నీ నోటికి మాత్రం ఏది తగిలించినా మారదులే."

పరీక్ష బాగా రాశాను. ఫలితం ఫోనులో చెబుతామన్నారు. మాకున్నది ఒక్కటే ఫోను, కొట్లో మరిది కుర్చీ పక్కన. ఆ నంబరే ఇచ్చాను.

ఎంతకీ కబురు రాకపోతే నేనే వెళ్ళాను. కిటికీ దగ్గరి అమ్మాయి కాగితాలు తిరగేసి చెప్పింది: "మీరు పాసయ్యారు. కానీ రారని మీ ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశాం."

తిరిగొచ్చేసరికి మరిది చిక్కుడుగింజలు తూస్తున్నాడు.

"ఆఫీసోళ్ళు రింగ్ సేసినారా?"

"సేసినారు ఒదినా. నువ్వెల్లిపోతే ఈ కొట్టెవలు సూస్తారు? నీకిక్కడ తిండి నేదా, గుడ్డ నేదా?"

"మరి నన్నడగలేదేం?"

"అడిగితే ఎల్తానంటావు."

తల కూడా ఎత్తలేదు.

కొన్నాళ్ళకు చెరకు తోటల ఇళ్ళకు సరుకులు వేయడానికి బండి కొన్నాడు. గోడ మీద బోర్డు రాయించాలని పెయింటరును పిలిచి, "ఒదినా, డెలివరీస్ ఎలాగ రాయాలో ఈడికి సూపించు" అన్నాడు. సుద్దముక్క తీసుకున్నాను. తప్పు రాద్దామనే అనిపించింది. చెయ్యి రాలేదు. వై తీసేసి, ఐ పెట్టి, ఈఎస్ తగిలించి ఇచ్చాను.

ఆ బోర్డు రంగు వెలిసిపోయింది. రోజూ పొద్దున్నే దాని కిందే నిలబడి కొట్టు తాళం తీస్తున్నాను.