వదిన ప్రెస్సు దగ్గర నిలబడిన సారు

తుక్కుగూడ దగ్గర ఒక కంపెనీలో పనిచేసే మా మనవరాలు పోయిన వారం ఇంటికి వచ్చి, తమ దగ్గర సర్కారు తనిఖీ అయిపోయిందని, ఏ కంపెనీకి ఏ అధికారి వెళ్లాలో ఇప్పుడు కంప్యూటరే తీసి ఇస్తుందని, వచ్చినాయన మిషన్లన్నిటికీ ఫోన్‌తో ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడని చెప్పింది. మర్నాడు పేపర్లోనూ అలాంటి సంగతే వచ్చింది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక నాకు పేపరు చదవడానికి ఒక పూట పడుతుంది. ఆ వార్త సగంలో ఉండగానే నా మనసు మామిడిపల్లి రేకుల షెడ్డులోకి వెళ్లిపోయింది.

విమానాశ్రయానికి పొలాలు పోయాక మా ఊళ్ల ఆడవాళ్లం చాలామందిమి అటువైపు షెడ్లలో పనికి కుదిరాం. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నాట్లు వేసిన చేతులకు ఇనుము అలవాటు కావడానికి ఎన్నాళ్లు పట్టిందో. మా షెడ్డులో సీలింగ్ ఫ్యాన్ల మీద బిగించే రేకు కప్పులు తయారయ్యేవి. మా వదిన ప్రెస్సు నడిపేది, నేను పక్కన కూర్చుని కప్పుల అంచులు ఆకురాయితో రాకేదాన్ని. మా అన్న మోకాళ్లు పనిచేయక ఇంటి పట్టునే ఉండేవాడు కాబట్టి, ఆ సంసారం మొత్తం వదిన రెండు చేతుల మీద నడిచేది.

కాలితో పెడల్ తొక్కితే పైనుంచి ఇనుప దిమ్మె దిగి, కింద పెట్టిన రేకు బిళ్లను గిన్నెలా నొక్కేది. చెయ్యి దిమ్మె కిందికి పోకుండా ప్రెస్సు చుట్టూ ఒక జాలీ ఉండాలి. జాలీ ఉంటే బిళ్లను ముందున్న సందులోంచి పటకారుతో తోయాలి, పని నెమ్మదవుతుంది, మాకేమో పీసు లెక్కన కూలి. అందుకని దాన్ని విప్పి గోడకు తగిలించారు. విప్పమని అడిగినవాళ్లలో వదిన కూడా ఉంది. పక్క నుంచి కుడిచేత్తో బిళ్ల పెట్టడం, చెయ్యి తీయడం, పెడల్ తొక్కడం ఆమెకు ఊపిరి తీసినంత సులువుగా జరిగిపోయేవి.

తనిఖీకి వస్తున్నారన్న కబురు ఎలాగో ముందురోజే వచ్చేది. ఇక దసరాకు ఆయుధపూజ చేసినంత హడావుడి. నేల కడిగేవాళ్లు, ఎర్ర బకెట్లలో కొత్త ఇసుక పోసేవాళ్లు, మందుల పెట్టె తాళం తీసేవాళ్లు, సాయంత్రం తిరిగి తీసుకునే చేతి తొడుగులు పొద్దున పంచేవాళ్లు. నేను చెప్పబోయే తనిఖీ రోజునా అలాగే జాలీ గోడ దిగి ప్రెస్సు ఎక్కింది. దాన్ని చూసి వదిన నవ్వి, "పెండ్లి పిల్ల లెక్క తయారు చేసిండ్రు దీన్ని, ఇగ పిలగాడే తక్కువ" అంది. సూపర్‌వైజర్ మాత్రం అందరినీ నిలబెట్టి, "సారు అడిగితే రోజూ గిట్లనే చేస్తమని చెప్పుండ్రి, ఎక్కువ మాట్లాడకుండ్రి" అని హెచ్చరించి పోయాడు.

వచ్చిన సారు కోస్తా వైపు మనిషి, తల నెరిసినాయన. ఆయన మమ్మల్ని ఏమీ అడగలేదు. తిరిగి తిరిగి వదిన ప్రెస్సు దగ్గరకు వచ్చి, "మీ పని మీరు చేసుకోండమ్మా, నేను కాసేపు చూస్తాను" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వదిన మొదట్లో పటకారుతో జాగ్రత్తగానే చేసింది. కానీ ఆయన కదలడే! చూస్తూ చూస్తూ ఉండగా ఆమెలో బెరుకు పోయింది, చేతికి రోజువారీ వేగం వచ్చింది, పటకారు ఎప్పుడు వదిలిందో ఏమో, కుడిచెయ్యి పక్క నుంచి పోయి జాలీకి తగిలింది. గాజులు గల్లుమన్నాయి. తడబడి మళ్లీ పెట్టబోయింది. చెయ్యి ఇంకా జాలీకి ఆనుకునే ఉంది, కాలు మాత్రం తన లెక్కలో తాను పెడల్ తొక్కేసింది. దిమ్మె ఖాళీగా దిగింది. జాలీ లేకపోతే ఆ చెయ్యి ఎక్కడుండేదో షెడ్డులో అందరికీ కనిపించింది.

"ఇయ్యాల జర చెయ్యి గుంజుతుంది సార్, గందుకే" అంది వదిన.

"నొప్పి కాదమ్మా, అలవాటు" అన్నాడాయన. కరెంటు వైరు విప్పించి, తాను మళ్లీ వచ్చి చూసేదాకా ఆ ప్రెస్సు నడవకూడదని రాసిచ్చాడు.

వదినకు కోపం ఆగలేదు. "మీరు కారెక్కి పోతరు సార్. మా ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తరు?" అని అందరి ముందే అడిగేసింది. ఆయన విప్పిన వైరును ఇంకోసారి చూసుకుని వెళ్లిపోయాడు. వదినను ప్యాకింగుకు పంపారు. అక్కడ కూలి తక్కువ, ఆ నెల అన్నకు మందులు సగమే వచ్చాయి.

తర్వాత షెడ్డు ఓనరు సేటు పెడల్ తీయించి, రెండు బటన్లు దూరం దూరంగా పెట్టించాడు. రెండు చేతులూ ఒకేసారి నొక్కితేనే దిమ్మె దిగేది. సారు మళ్లీ వచ్చి, అలాగే నిలబడి చూసి, నడపమన్నాడు. వదిన ప్యాకింగు నుంచి తన ప్రెస్సు దగ్గరికి తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు తనిఖీకి వచ్చినా ముందు వదిన దగ్గరికే వచ్చి నిలబడేవాడు. "వచ్చిండమ్మా నా మొగనికంటె ఎక్కువ" అని వదిన నాకు మాత్రమే వినపడేలా తిట్టేది. పీసులు తగ్గాయన్న బాధ ఆమెకు చివరిదాకా పోలేదు.

కొన్నేళ్లకు ఆయన బదిలీ అయ్యాడు. కొత్తాయన వస్తున్నాడని ఎప్పటిలాగే నేల కడిగారు. వదిన ఆ రోజు పొద్దుటి నుంచి తల ఎత్తి ఎత్తి గేటు వైపు చూస్తూనే పనిచేసింది. సాయంత్రం తొడుగులు వెనక్కి తీసుకోవడానికి సూపర్‌వైజర్ వచ్చినప్పుడు, "ఏందన్నా, సారు రాలే?" అని అడిగింది. కొత్త సారు ఆఫీసు రూములోనే చాయ్ తాగి, కాగితాలు చూసి మధ్యాహ్నమే వెళ్లిపోయాడని చెప్పాడతను.

"నా దగ్గర నిలబడనే లేదు గదా" అంది వదిన. తిట్టడానికి మనిషి దొరకలేదన్న కోపం కాదది. నేనామె పక్కనే ఉన్నాను కనుక నాకు తెలుసు.

ఇప్పటి పద్ధతిలో ముందుగా కబురు అందదేమో, మొహమాటాలకూ చోటుండదేమో, అది మంచిదే. అయినా పని చేసే మనిషి పక్కన ఇంకొక మనిషి ఊరికే నిలబడి, బెరుకు తీరి ఆమె చెయ్యి తన దారిన తాను పోయేదాకా ఓపికగా చూసే తీరిక ఇప్పుడు ఎవరికైనా ఉందో లేదో నాకు తెలియదు. వదిన పది వేళ్లతోనే పని మానుకుంది. ఆ సారు పేరు మాత్రం మేమిద్దరం ఏనాడూ అడిగి తెలుసుకోలేదు.